అత్త అంటే ఏ అత్త? ఖమ్మం, భద్రాచలం అడవి అంచున చుట్టరికాల మాటలు

ఇంగ్లీషులో ‘ఆంట్’ అన్న మాటను తెలుగులో ఒక్క మాటతోని చెప్పమంటే ఎవ్వరూ చెప్పలేరు. ముందుగాల మూడు సంగతులు అడగాలె. అమ్మ దిక్కు మనిషా, నాయన దిక్కు మనిషా? తోడబుట్టినామెనా, పెండ్లి చేసుకొని ఇంట్లకు వచ్చినామెనా? అమ్మకన్న, నాయనకన్న పెద్దదా చిన్నదా? వీటికి జవాబు దొరికినంకనే మేనత్తనా, అత్తమ్మనా, పెద్దమ్మనా, చిన్నమ్మనా అన్నది తేలుతది.

తెలుగు ఎంత గొప్పదో చూడుండ్రి అని చప్పట్లు కొట్టించుకునేందుకు ఈ మాట చెప్తలేను. ఏ భాషకు ఆ భాష చుట్టరికాల నడుమ ఒక్కో కాడ గీత గీస్తది. ఆ గీత ఎక్కడున్నదో చూసుకోకుండ ఒక భాషల మాటను ఇంకో భాషలకు మారిస్తే సంబంధం కుదిర్చే కాడ, ఆస్తి పంచే కాడ, దవాఖాన కాడ పొరపాటు జరుగుతది. ఖమ్మం నుంచి భద్రాచలం దాటి చింతూరు, కుంట దాకా పోతే ఒక్క దారి మీదనే తెలుగు, కోయ, లంబాడ, ఉర్దూ, హిందీ, ఒడియా అన్నీ చెవిన పడతయి. చుట్టరికాల మాటలను అర్థం చేసుకునేందుకు ఇంతకన్న మంచి బడి నాకు తెలిసి లేదు.

తెలుగు లెక్క

తెలుగు ఇంట్ల అమ్మ అక్కచెల్లెండ్లంత అమ్మలే. పెద్దామె పెద్దమ్మ, చిన్నామె చిన్నమ్మ. నాయన అన్నదమ్ములంత నాయనలే. పెదనాయన, చిన్నాయన. వాళ్ల పిల్లలు మనకు అన్నలు, తమ్ముండ్లు, అక్కలు, చెల్లెండ్లు. అటు దిక్కు పెండ్లి మాటే ఎత్తరు.

అమ్మకు అన్నదమ్ముడైనా, నాయనకు అక్కచెల్లెలైనా లెక్క మారుతది. ఆయన మేనమామ, ఆమె మేనత్త. వాళ్ల పిల్లలు బావ, బామ్మర్ది, వదినె, మరదలు. అంటే పిలుపులోనే పెండ్లి సంబంధం దాగి ఉన్నది. ఎవరినన్న ‘బావా’ అని పిలిచినమంటే, ఆ మనిషి మనింటి అల్లుడు కాగలిగిన వరుస అని ఊరంతటికీ చెప్పినట్టే.

అందుకే ‘అత్త’ అన్న ఒక్క మాట ముగ్గురికి సరిపోతది: నాయన తోడబుట్టినామె, మేనమామ పెండ్లాం, కట్టుకున్నోళ్ల తల్లి. మేనరికం చేసుకునే ఇంట్ల ఈ ముగ్గురు ఒక్కరే కావొచ్చు. మేనత్త కొడుకును చేసుకున్న పిల్లకు మేనత్తే అత్త అయితది. మేనమామ బిడ్డను చేసుకున్న పిలగానికి మామ పెండ్లామే అత్త అయితది. మాట తక్కువై ముగ్గురిని ఒక్క తీరుగ పిలుస్తలేరు. ముగ్గురిని ఒక్క స్థానంల నిలబెట్టే పద్ధతి ముందు ఉన్నది, మాట దాని ఎనక నడిచింది.

మాట ఎంబడి బాధ్యత గూడ నడుస్తది. పుట్టెంట్రుకలు తీసేటప్పుడు పిల్లను ఒడిల కూసుండబెట్టుకునేది మేనమామ. పెండ్లిపిల్లను గంపల ఎత్తుకొచ్చేది మేనమామ. తొట్లెల ఏసి పేరు పెట్టే కాడ మస్తు ఇండ్లల్ల మేనత్త ముందుంటది. ‘అంకుల్’కు, ‘ఆంటీ’కి ఇసొంటి పని ఏదీ లేదు. పేరు మారితే పని గూడ మెల్లగ జారిపోతది.

ఒక్క జిల్లాల రెండు మూడు తెలుగులు

మధిర, సత్తుపల్లి దిక్కు పోతే కృష్ణా, పశ్చిమ గోదావరి గాలి తగులుతది. అక్కడ పిన్ని, బాబాయి, నాన్నమ్మ వినబడుతయి. ఇల్లెందు, బయ్యారం దాటి వరంగల్ దిక్కు మలిగితే చిన్నమ్మ, చిన్నాయన, కాక, బాపు వస్తయి. ‘అవ్వ’ అంటే ఉత్తర తెలంగాణల శానా ఇండ్లల్ల కన్నతల్లి. రాయలసీమల అదే మాటకు అమ్మమ్మో నాయనమ్మో. తోడికోడలును మనదిక్కు ‘యారాలు’ అంటరు, తోడల్లుడిని ‘సడ్డకుడు’ అంటరు. బడి పుస్తకంల ఈ రెండు మాటలు ఎన్నిసార్లు కనబడ్డయో ఎవరికి వాళ్లు యాది చేసుకోవాలె.

దీనికి చరిత్ర ఉన్నది. 1953 దాకా ఖమ్మం వరంగల్ జిల్లాల భాగం, నిజాం రాజ్యం కింద ఉండొచ్చిన నేల. గోదావరి అవతలి భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలు మద్రాసు దిక్కు పాలనల పెరిగి, తూర్పు గోదావరిల ఉండి, 1959ల ఖమ్మంల కలిసినయి. 2014ల పోలవరం ముంపు కోసం కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు లాంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయినయి. 2016 అక్టోబర్ 11న భద్రాద్రి కొత్తగూడెం కొత్త జిల్లా అయింది. గీతలు ఎన్ని గీసినా చుట్టరికం ఆగలేదు. మేనత్త ఆంధ్రల, మేనల్లుడు తెలంగాణల, సడ్డకుడు ఛత్తీస్‌గఢ్‌ల ఉన్న కుటుంబాలు ఈ దారి పొడుగూత ఉన్నయి.

భద్రాచలం కథలనే ఒక చుట్టరికం చూడుండ్రి. రామదాసుగా మనకు తెలిసిన కంచర్ల గోపన్నది నేలకొండపల్లి. గోల్కొండల తానీషా దగ్గర మంత్రులుగ ఉన్న అక్కన్న, మాదన్న ఆయనకు మేనమామలని చెప్తరు. ఇంగ్లీషు పుస్తకంల ఇది ‘అంకుల్స్’ అని ఉంటది. అది చదివినోనికి వాళ్లు నాయన దిక్కా, అమ్మ దిక్కా తెల్వదు. ‘మేనమామలు’ అంటే తెలుగోనికి కథ సగం అర్థమైతది. మేనల్లునికి కొలువు ఇప్పించుడు, కష్టంల అడ్డంపడుడు మేనమామ ధర్మమే కదా అనుకుంటడు.

కోయోళ్ల లెక్క

కోయభాష ద్రావిడ కుటుంబంలదే. గోండి, కువి భాషలకు దగ్గరిది. 2011 జనాభా లెక్కల ప్రకారం కోయను మాతృభాషగ చెప్పినోళ్లు నాలుగు లక్షల పైచిలుకు. ఏటి ఒడ్డున ఉండేటోళ్లను గొమ్ముకోయలని, ఛత్తీస్‌గఢ్ దిక్కునుంచి వచ్చినోళ్లను గుత్తికోయలని అంటరు. 2005 తర్వాత సల్వాజుడుం గొడవలతోని అటునుంచి వేల మంది గోదావరి అడవులకు వచ్చిండ్రు.

కోయ సమాజంల గట్టు అన్నది పెద్ద సంగతి. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, ఆరో గట్టు, ఏడో గట్టు అని ఉంటయి. గట్టును బట్టి వేల్పులు. ఒక్క గట్టోళ్లు ఒకరికొకరు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు. ఇంటిపేరు వేరైనా, ఊరు వేరైనా, ఎన్నడూ మొఖం చూడకున్నా సరే, పెండ్లి కుదరదు. పిల్లను తెచ్చుకోవాలంటే ఇంకో గట్టుకు పోవాలె. అంటే అత్త, మామ, బావ అన్నయి ఒక్క ఇంటి మాటలు కావు. ఒక గట్టు మొత్తం ఇంకో గట్టుకు బావమరుదుల వరుస కావొచ్చు. కొత్త ఊరికి పోయిన కోయ మనిషిని ముందుగాల ఇంటిపేరు, గట్టు అడుగుతరు. అది తేలినంక ఎవరిని ఏమని పిలవాలె, ఎవరితోని పరాచికం ఆడొచ్చు, ఎవరి ముందు ఒద్దికగ ఉండాలె అన్నది దానంతటదే తేలుతది.

గోదావరి దాటి బస్తర్‌ల గూడ ఇదే నడక. డబ్ల్యూ.వి. గ్రిగ్సన్ 1938ల మాడియా గోండుల మీద రాసిన పుస్తకంల రెండు మాటలు రాసిండు. పెండ్లి కుదరని వంశాలు ‘దాదాభాయి’, పిల్లనిచ్చి పుచ్చుకునే వంశాలు ‘అకోమామా’. ఒకటి అన్నదమ్ముల దిక్కు, ఇంకొకటి మామల దిక్కు. ఊరంతటినీ, ఇలాకానంతటినీ రెండు మాటల్ల సర్దిండ్రు.

స్టీఫెన్ టైలర్ అనే అమెరికా పరిశోధకుడు గొమ్ముకోయల నడుమ తిరిగి వాళ్ల భాషకు వ్యాకరణం రాసిండు. అది 1969ల అచ్చయింది. అంతకు ముందే 1966ల కోయ చుట్టరికాల పదాల మీద ఒక వ్యాసం రాసిండు. అండ్ల సారం ఇది: వంశవృక్షం గీసి ఈమెకు ఈ మాట, ఆయనకు ఆ మాట అని పట్టిక కడితే సరిపోదు. ఎక్కడ మాట్లాడుతున్నరు, పక్కన ఎవరున్నరు, మాట్లాడేది ఆడామెనా మొగాయననా, వయసెంత, ఎవరికి ఏయే భాషలొచ్చు అన్నదాన్ని బట్టి మాట మారుతది.

ఇది ఇయ్యాల గూడ కండ్లముందు కనబడే సంగతే. భద్రాచలం బస్టాండ్ల, బ్యాంకుల, తెలుగోళ్లు పక్కన ఉంటే కోయ మనిషి సొంత మేనత్తను గూడ తెలుగుల పిలుస్తడు. గూడెంల అడుగు పెట్టంగనే కోయ మాట వస్తది. బయట తెలుగుల పిలిచిండు కాబట్టి కోయల మాట లేదని ఎవడన్న రాసుకుంటే, లోపం రాసుకున్నోని దగ్గర ఉన్నది.

మేడారంల గూడ మాటల తీరు చూడుండ్రి. సమ్మక్క తల్లి, సారలమ్మ బిడ్డ. సారలమ్మను సారక్క అని గూడ అంటరు. తల్లి పేరుల ‘అక్క’, బిడ్డ పేరుల ‘అమ్మ’, మళ్ల ‘అక్క’. చుట్టరికపు మాట అక్కడ వయసు లెక్క చెప్పుడు లేదు, గౌరవం చెప్తున్నది. అసొంటిదే ఇంకో ముచ్చట. ఈ అడవుల ‘అన్నలు’ అంటే దశాబ్దాల సంది తోడబుట్టినోళ్లు అని కాదు, తుపాకీ పట్టినోళ్లు అని అర్థం. ఇంట్ల పుట్టిన మాట రాజకీయంలకు పోయి ఇంకో అర్థం కట్టుకున్నది.

ఖాలా, ఫుప్పు, మౌసీ

ఖమ్మం కమాన్‌బజారుల ఉర్దూ ఇంటికి పోతే లెక్క ఇంకా ముక్కుసూటిగ ఉంటది. అమ్మ అక్కచెల్లెలు ఖాలా. నాయన అక్కచెల్లెలు ఫుప్పు. చిన్నాయన పెండ్లాం చాచీ. మేనమామ పెండ్లాం ముమానీ. నలుగురికి నాలుగు మాటలు.

ఇక్కడ తెలుగోళ్లం జర ఆగి ఆలోచించాలె. మనకు అమ్మ చెల్లెలూ చిన్నమ్మే, చిన్నాయన పెండ్లామూ చిన్నమ్మే. ఒకామెది నెత్తురు సంబంధం, ఇంకొకామెది పెండ్లి సంబంధం. తెలుగు ఆ తేడాను పట్టించుకోదు, ఉర్దూ పట్టించుకుంటది. తెలుగు పెద్ద, చిన్న అని వయసు చూస్తది, ఖాలాల అది లేదు. అన్నీ విడమరిచి చెప్పే భాష ఏదీ లేదు. ఏది అవసరమనుకున్నరో దాన్నే ఒక్కో జాతి మాటల్ల దాచుకున్నది.

హిందీల మౌసీ, బువా, చాచీ, మామీ. ఒడియాల మౌసీ, పియుసి. పూరీ జగన్నాథుడు రథమెక్కి మౌసీ ఇంటికి పోతడని ఒడియావాళ్లు అంటరు. ఇంగ్లీషు పత్రిక ‘ఆంట్ ఇల్లు’ అని రాస్తది. దాన్ని చూసి తెలుగుల ‘అత్తారిల్లు’ అని రాస్తే దేవుణ్ని పెండ్లాం తల్లిగారింటికి పంపినట్టయితది. అది పెద్దమ్మ ఇల్లో చిన్నమ్మ ఇల్లో కావాలె. మరాఠీల మేనత్త ‘ఆత్యా’. వింటే మన అత్తే యాదికొస్తది. కన్నడంల మేనత్తను ‘సోదరత్తె’ అంటరు, పెద్దమ్మను ‘దొడ్డమ్మ’ అంటరు. లంబాడ తండాలల్ల అమ్మను ‘యాడి’ అంటరు. లంబాడోళ్ల భాష రాజస్థానీకి దగ్గరిది, ద్రావిడ భాష కాదు. పక్కపక్కన ఉన్న తండాకు, గూడేనికి చుట్టరికాల లెక్క వేర్వేరు వేర్ల నుంచి వచ్చింది.

ఇంగ్లీషు పోగొట్టుకున్నది

ఇంగ్లీషుకు మొదటి నుంచి ఒక్క మాటే ఉండె అనుకుంటే తప్పు. పాత ఇంగ్లీషుల నాయన చెల్లెలుకు ‘ఫాథు’, అమ్మ చెల్లెలుకు ‘మోడ్రిజె’ అని రెండు మాటలుండె. ఫ్రెంచి మాట్లాడే రాజులొచ్చినంక ‘ఆంట్’ వచ్చి రెండింటిని మింగింది. ఆ ‘ఆంట్’కు మూలం లాటిన్ల ‘అమిట’. దాని అసలు అర్థం మేనత్త ఒక్కటే. అమ్మ చెల్లెలుకు లాటిన్ల ‘మాతెర్తెర’ అని వేరే మాట ఉండె. ‘అంకుల్’ గూడ అంతే. అది ‘అవుంకులుస్’ నుంచి వచ్చింది, అంటే మేనమామ. ఇంగ్లీషోళ్లు మేనత్త మాటను, మేనమామ మాటను తీసుకొని అందరికీ అంటగట్టిండ్రు.

స్వీడన్ల ఇప్పటికీ నాయన చెల్లెలు ‘ఫాస్టర్’, అమ్మ చెల్లెలు ‘మోస్టర్’. చైనాల ‘గూమా’, ‘యీమా’ అని వేరుచేస్తరు. అరబ్బీల అమ్మ చెల్లెలు ‘ఖాలా’, మేనత్త ‘అమ్మా’. మన చెవికి తల్లిలెక్క వినబడే మాట వాళ్లకు మేనత్త. హవాయి దీవులల్ల అమ్మకూ, అమ్మ దిక్కు, నాయన దిక్కు ఆడోళ్లకూ ఒక్కటే మాట.

ఈ లెక్కలన్నీ పోగుచేసి శాస్త్రంగ నిలబెట్టినోడు లూయీస్ హెన్రీ మోర్గాన్. ఆయన 1871ల అచ్చేసిన పెద్ద పుస్తకంల అమెరికా ఆదివాసుల చుట్టరికాల పక్కన తమిళ, తెలుగు, కన్నడ పట్టికలున్నయి. అమ్మ అక్కచెల్లెలును అమ్మ అనుడు, మేనత్తను వేరుచేసుడు సెనెకా ఆదివాసులల్లనూ, మనదిక్కూ ఒక్క తీరుగుండుడు చూసి ఆయన ఆశ్చర్యపోయిండు. తర్వాత థామస్ ట్రౌట్‌మన్ 1981ల ద్రావిడ చుట్టరికం మీదనే పుస్తకం రాసిండు. మన ఇంటి పిలుపులు ప్రపంచంల ఒక శాస్త్రానికే పునాది రాళ్లయినయి. మనం వాటిని ‘ఆంటీ’ కింద పూడ్చిపెడుతున్నం.

మన దేశపు ఇంగ్లీషు ఒక తెలివైన పని చేసింది. సడ్డకుడికి మాట లేదని ‘కో-బ్రదర్’ అని సొంతంగ పుట్టించుకున్నది. లండన్ల ఎవరికీ అర్థం కాదు, కొత్తగూడెం సింగరేణి క్వార్టర్లల్ల అందరికీ అర్థమైతది. అవసరముంటే మాట పుడతది అనేందుకు ఇదే సాక్ష్యం.

చట్టంల ఏమున్నది

1955 హిందూ వివాహ చట్టం అన్న పిల్లలు, చెల్లె పిల్లలు ఒకరినొకరు చేసుకునుడును నిషేధించిన వరుసలల్ల పెట్టింది. అన్నదమ్ముల పిల్లలను, అక్కచెల్లెండ్ల పిల్లలను గూడ అదే గాటన కట్టింది. మేనమామ, మేనకోడలు పెండ్లి గూడ అందుల పడతది. అయితే ఆచారం ఒప్పుకుంటే చేసుకోవచ్చని అదే చట్టం చెప్తది. మన దగ్గర మేనరికాలు చెల్లుతున్నయంటే ఈ ఆచారం మినహాయింపు వల్లనే. ఆచారం ఏంది అని అడిగితే జవాబు మన మాటలల్లనే ఉన్నది: ‘బావ’ వరుస చెల్లుతది, ‘అన్న’ వరుస చెల్లదు. ఇంగ్లీషుల ఇద్దరూ ‘కజిన్’లే.

1956 హిందూ వారసత్వ చట్టం ఇంకా జాగ్రత్తగ ఉన్నది. మగమనిషి వీలునామా రాయకుండ చనిపోతే, దగ్గరోళ్లు ఎవరూ లేనప్పుడు వచ్చే రెండో తరగతి వారసులల్ల ‘నాయన తోడబుట్టినామె’, ‘అమ్మ తోడబుట్టినామె’ అని వేర్వేరు వరుసలల్ల రాసిండ్రు. మేనత్త ముందు వస్తది, అమ్మ చెల్లెలు తర్వాత వస్తది. చిన్నాయన పెండ్లాం ఆ జాబితల లేదు. ‘చిన్నమ్మ’ అని ఒక్క మాట కాయితం మీద రాస్తే ఇద్దరిల ఎవరు? హక్కు ఉన్నామెనా, లేనామెనా?

ఈ రెండు చట్టాలు కేంద్రం ప్రత్యేకంగ ప్రకటిస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకు వర్తించవు. కోయ, కొండరెడ్డి, లంబాడ ఇండ్లల్ల వాళ్ల ఆచారమే చట్టం. అప్పుడు వాళ్ల మాటలు ఇంకా ముఖ్యం. కోయ వరుసను తెలుగులకు, తెలుగును ఇంగ్లీషులకు మార్చి దస్త్రంల ఎక్కించేటప్పుడు రెండుసార్లు అర్థం అరిగిపోతది.

దవాఖానల ఒక ప్రశ్న

అన్నిటికన్న నన్ను కలవరపెట్టేది సికిల్ సెల్ జబ్బు సంగతి. ఆదివాసీ ప్రాంతాలల్ల ఈ జబ్బు ఎక్కువ. 2023 జులై 1న కేంద్రం దీని మీద జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 40 ఏండ్ల లోపు ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి జబ్బును రూపుమాపాలని లక్ష్యం పెట్టుకున్నది. పెండ్లికి ముందు ఇద్దరి కార్డులు పోల్చి చూసుకొమ్మని చెప్తున్నరు.

తల్లి, తండ్రి ఇద్దరికీ లోపమున్న జన్యువు ఒక్కొక్కటి ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నూటికి 25 పాళ్లు. 50 పాళ్లు తల్లిదండ్రుల లెక్కనే మోసేటోళ్లు అయితరు. దగ్గరి చుట్టాలల్ల ఇద్దరూ మోసేటోళ్లు అయ్యే ముప్పు ఎక్కువ. మేనత్తకు, మేనల్లునికి నడుమ జన్యువులు సగటున నాలుగోవంతు కలుస్తయి. బావామరదళ్లకు ఎనిమిదోవంతు. పెద్దమ్మ పిల్లలకు, మనకు గూడ అదే ఎనిమిదోవంతు. నెత్తురుకు మేనరికం, అన్నదమ్ముల వరుస అన్న తేడా తెల్వదు. ఆ తేడా మన మాటలల్ల ఉన్నది.

ఇప్పుడు దవాఖానల నర్సమ్మ అడుగుతది: ‘మీ ఇంట్ల ఎవరికన్న ఈ జబ్బున్నదా?’ పిల్ల తల్లి ‘మా అత్తకున్నది’ అంటది. కాయితంల ‘ఆంట్’ అని ఎక్కుతది. ఆ అత్త మేనత్త అయితే నెత్తురు సంబంధం ఉన్నది. మేనమామ పెండ్లాం అయితే, మేనరికం కాకుంటే, సంబంధమే లేదు. మొగని తల్లి అయితే తల్లికి సంబంధం లేదు గని, మొగనికి ఉన్నది, పుట్టే బిడ్డకు ఉన్నది. ఒక్క మాటకు మూడు జవాబులు. డాక్టరు చేసే లెక్క ఏ జవాబు మీద నిలబడాలె?

ఏం చేయాలె

పెద్ద ఖర్చు లేని పనులు మూడు చెప్తున్న.

ఒకటి, దవాఖానల, తహసీల్ ఆఫీసుల, సర్వే కాయితాలల్ల ‘సంబంధం’ అన్న గడిల ఒక్క మాట రాసి ఊకోవద్దు. దారి రాయాలె: ‘నాయన చెల్లెలు’, ‘అమ్మ తమ్ముని భార్య’, ‘భర్త తల్లి’ అని. ఇట్ల రాస్తే ఏ భాషలకు మార్చినా అర్థం చెడదు.

రెండు, గూడేలల్ల వివరాలు అడిగే కాడ కోయ, గోండి వచ్చిన ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ టీచరును పక్కన పెట్టుకోవాలె. గట్టు, ఇంటిపేరు, వరుస వాళ్లకు తెలిసినంత బయటోళ్లకు తెల్వదు. సర్కారు దగ్గర ఎంత పెద్ద పట్టిక ఉన్నా, ఎవరు ఎవరికి ఏమైతరో నోటిలెక్కన చెప్పే ముసలమ్మ ముందు అది చిన్నదే.

మూడు, ఆశ్రమ బడులల్ల పిల్లలకు ఒక పని అప్పజెప్పాలె. ఇంటికి పోయినప్పుడు అమ్మ దిక్కు, నాయన దిక్కు మనుషులను ఏమని పిలుస్తరో సొంత భాషల రాసుకొని రమ్మనాలె. ఒకే తరగతిల కోయ పిల్ల, లంబాడ పిలగాడు, తెలుగు పిల్ల తమ తమ మాటలు గోడ మీద పక్కపక్కన రాస్తే, భాషాశాస్త్రం పాఠం అక్కడనే నడుస్తది. ఏ పిల్లకూ తన ఇంటి మాట చిన్నదనిపించదు.

‘ఆంటీ’ అనుడు నేరం కాదు. బస్సుల కొత్తామెను, పక్కింటామెను అట్ల పిలిస్తే ఏ కొంప మునగదు. కానీ సొంత మేనత్తను గూడ ఆ మాటతోనే పిలవడం అలవాటైతే, తొట్లె కాడ ఆమె స్థానం ఏందో తర్వాతి తరానికి తెల్వదు. చిన్నాయన పెండ్లానికి, అమ్మ చెల్లెలుకు తేడా ఏందో దవాఖానల చెప్పలేరు. ఇంట్ల ఈ మాటలన్నీ తెలిసిన పెద్దమనిషి ఇంకా ఉన్నప్పుడే కూసుండబెట్టి అడగండ్రి, రాసుకోండ్రి. ఎనభై ఏండ్ల మనిషి నోట్ల ఉన్న వంశవృక్షం ఏ కంప్యూటర్ల ఎక్కలేదు.